పట్టిక నుండి పటమునకు: సినిమా వసూళ్ళ లెక్క నేర్పు పాఠము

లెక్క వ్రాయుట పాత విద్య. వ్రాసిన లెక్కను బొమ్మగా చూపుట దానితో పోల్చినచో నిన్నటి విద్య. బొమ్మను లెక్కతో ముడిపెట్టి, లెక్క మారినప్పుడెల్ల బొమ్మయు మారునట్లు చేయుట నేటి విద్య. మొదటిది వేల ఏండ్లది. రెండవది రెండున్నర శతాబ్దములది. మూడవది అర్ధశతాబ్దమునకు కొంచెము మించినది. ఈ మూడవ విద్య ఎట్లు పుట్టినది, అది మనకేమి మేలు చేయును, అందలి చిక్కులెట్టివి అను విషయములు తెలిసికొనుటకు హైదరాబాదులోని జూబిలీ హిల్సు, ఫిలింనగరు ప్రాంతములకు మించిన ఉదాహరణ దొరకదు. అచ్చట తయారగు వస్తువు విలువ తెలియవలెనన్న ప్రతి దినము ఊరూరినుండి అంకెలు రావలెను గదా!

దినదినపు కాగితము

తెలుగు చిత్రములు చాలకాలము మద్రాసులో తయారగుచుండెడివి. హైదరాబాదులో 1950 దశకముననే సారథి స్టూడియో వెలసినను పరిశ్రమ తరలివచ్చుట మెల్లగా జరిగినది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోను, 1989లో డి. రామానాయుడు ఫిలింనగరులో తమ స్టూడియోను ప్రారంభించిరి. క్రమముగా నిర్మాతల కార్యాలయములు, ఎడిటింగు, డబ్బింగు గదులు, ఫిలిం చాంబరు ఆ కొండల మీదికి చేరినవి. చిత్రము తీయుట అక్కడ. డబ్బు వచ్చుట మాత్రము ఊరూర నున్న టిక్కెట్టు కిటికీ వద్ద.

ఆ కిటికీకిని నిర్మాతకును నడుమ ఒక కాగితము నడచును. ఏ ఆటకు ఏ తరగతిలో ఎన్ని టిక్కెట్లు తెగినవి, వెల యెంత, పన్ను పోగా మిగిలినదెంత అను వివరములతో ప్రతి థియేటరునందును దినమునకొక పట్టిక తయారగును. వ్యాపారములో దీనిని డి.సి.ఆర్. అందురు, డైలీ కలెక్షన్ రిపోర్టు అని విస్తరించి చెప్పవచ్చును. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అను తరగతులున్న కాలమునుండియు ఈ కాగితమున్నది. పూర్వము అది టపాలో విజయవాడ గాంధీనగరమునందలి పంపిణీదారు కార్యాలయమునకును, అటనుండి మద్రాసునకును పోవుచుండెడిది.

ఈ కాగితములోని అంకెలు మూడు మెట్లుగా నుండును. టిక్కెట్ల వలన వచ్చిన మొత్తము గ్రాస్. పన్ను తీసివేసినది నెట్. థియేటరు అద్దె మున్నగునవి పోగా పంపిణీదారునకు చేరునది షేరు. ఒకే చిత్రమునకు ఇద్దరు రెండంకెలు చెప్పినను ఇద్దరును నిజమే చెప్పుచుండవచ్చును. ఒకరు చెప్పినది గ్రాస్, మరియొకరు చెప్పినది షేరు కావచ్చును. పేరు చెప్పని అంకె అంకెయే కాదు.

ఇది అభిమానుల వాదులాటలకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. మినిమం గ్యారంటీ పద్ధతిని పంపిణీదారుడు చిత్రము విడుదలకు ముందే నిర్మాతకు కొంత మొత్తము చెల్లించును. షేరు ఆ మొత్తమునకు చేరనిచో నష్టము అతనిది. అనేకులు అప్పు తెచ్చి ఈ వ్యాపారము చేయుదురు. కనుక లెక్కలో ఒక తప్పు ఒక కుటుంబమునే కదిలింపగలదు.

అంకెకు రూపము

వందల కాగితములు బల్లమీద పరచుకొన్న మనిషికి ఏమి తెలియును? ఏదో ఒక ఊరి అంకె తెలియును, నడక తెలియదు. మొదటివారము పైకెగసి రెండవవారము పడిపోయినదా, మెల్లగా మొదలై నిలద్రొక్కుకొన్నదా అనుట చూపులో తేలవలెనన్న అంకెలు గీతగా మారవలెను.

ఈ పనిని వ్యాపారపు లెక్కలకు మొదట చేసి చూపినవాడు స్కాట్లండు దేశీయుడు విలియం ప్లేఫేర్. 1786లో ప్రకటించిన గ్రంథములో అతడు ఇంగ్లండు ఎగుమతి దిగుమతులను కాలక్రమమున గీతలుగా గీసెను. స్కాట్లండునకు మాత్రము అతనివద్ద ఒక్క సంవత్సరపు లెక్కయే యుండెను. ఒక్క సంవత్సరముతో గీత సాగదు. అందువలన అతడు ఒక్కొక్క దేశముతో జరిగిన వ్యాపారమునకు ఒక్కొక్క పట్టీ గీసెను. నేడు ప్రతి పాఠ్యపుస్తకములోను కనబడు కమ్మీరేఖా చిత్రము అట్లు లెక్కల కొరతనుండి పుట్టినది! 1858లో ఫ్లారెన్సు నైటింగేల్ సైనికుల మరణములలో అధికభాగము గాయముల వలన గాక రోగముల వలన కలుగుచున్నవని వృత్తాకారపు పటములతో చూపి పాలకుల కన్ను తెరపించెను.

అయితే ఈ పటములన్నిటికి ఒక కొరత యున్నది. గీసిన మరుక్షణము పటము పట్టికనుండి విడిపోవును. పట్టికలో అంకె దిద్దినను పటము పాతదే చూపును. కంప్యూటరు వచ్చిన తరువాత ఈ కొరత తీరకపోగా ఒక విధముగా పెరిగినది. 1979లో విసికాల్క్, 1985లో ఎక్సెల్ వచ్చి లెక్కల కాగితమును తెరమీదికి తెచ్చినవి. నకలు తీయుట సులభమైనది. ఒకే చిత్రపు వసూళ్ళ పట్టిక నిర్మాతవద్ద ఒకటి, పంపిణీదారు వద్ద ఒకటి, గుమాస్తావద్ద 'చివరిది', 'చివరిది రెండు' అను పేర్లతో మరి రెండు ఉన్నచో, పటము దేనినుండి గీసినట్లు? ఏది సత్యము?

కాడ్ చూపిన త్రోవ

ఈ ప్రశ్నకు మూలసమాధానము అప్పటికే సిద్ధమై యున్నది. ఎడ్గార్ కాడ్ అను ఆంగ్లేయుడు రెండవ ప్రపంచయుద్ధమున వైమానికుడుగా పనిచేసి, అనంతరము అమెరికాలో ఐ.బి.ఎమ్. సంస్థలో చేరెను. ఆ కాలపు కంప్యూటరులలో లెక్కలు చెట్టుకొమ్మలవలె అల్లబడి యుండెడివి. ఒక అంకె కావలెనన్న ఏ కొమ్మనుండి ఏ కొమ్మకు పోవలెనో త్రోవ తెలిసి యుండవలెను. కొమ్మల అమరిక మార్చినచో వ్రాసిన ప్రోగ్రాములన్నియు చెడును.

కాడ్ 1970 జూన్‌లో ప్రకటించిన వ్యాసములో మరియొక మార్గము చెప్పెను. లెక్కలన్నియు సాదా పట్టికలుగా నుండవలెను. ఒక పట్టికకును మరియొక పట్టికకును సంబంధము రెండింటిలోను కనబడు ఉమ్మడి విలువ వలననే తెలియవలెను. ప్రతి విషయము ఒక్కచోటనే వ్రాయబడవలెను. ఇదే రిలేషనల్ పద్ధతి. దీనికి కాడ్ 1981లో ట్యూరింగ్ బహుమానము పొందెను.

పట్టికలను ప్రశ్నించుటకు భాష కావలెను. 1974లో అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనువారు సీక్వెల్ అను భాషను ప్రకటించిరి. ఆ పేరు వేరొక సంస్థ హక్కులో నుండుటచే అది తరువాత ఎస్.క్యూ.ఎల్. అయ్యెను. బాయిస్ ఆ సంవత్సరమే అకాలమరణము చెందెను. ఈ భాషలో ఎట్లు వెదకవలెనో చెప్పనక్కరలేదు; ఏమి కావలెనో చెప్పిన చాలును. 'సెలెక్ట్' అనగా ఏ గళ్ళు కావలెను. 'ఫ్రమ్' అనగా ఏ పట్టికనుండి. 'జాయిన్' అనగా ఏ పట్టికతో కలిపి. 'గ్రూప్ బై' అనగా దేనివారీగా కూడవలెను. 1979లో ఇట్టి పట్టికల వ్యవస్థ అంగడి సరుకుగా వచ్చెను; 1986లో అమెరికా, 1987లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ ఈ భాషను ప్రమాణముగా గైకొన్నవి.

తూర్పు గోదావరి ఎక్కడ నున్నది?

కాడ్ మాటలోని బలము తెలుగు సినిమా లెక్కలలో చక్కగా కనబడును. పంపిణీదారులు తెలుగునేలను నైజాము, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్టు, వెస్టు, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని విభజించుకొన్నారు. ఈ పేర్లలో చరిత్ర యున్నది. 1800లో నిజాము ఆంగ్లేయులకు అప్పగించిన దత్తమండలములే సీడెడ్. ఆ ప్రాంతము రాయలసీమయని పేరొంది దశాబ్దములు గడచినను సినిమా వ్యాపారములో పాతపేరే నిలిచినది. హైదరాబాదు సంస్థానము 1948లో భారతదేశమున కలిసినను నైజాము పేరు పోలేదు.

ప్రభుత్వ జిల్లాలు మాత్రము మారినవి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26గా పునర్విభజింపబడినవి. ఆ మార్పుతో కాకినాడ, అమలాపురములు పాత తూర్పు గోదావరినుండి విడిపోయి వేరువేరు జిల్లాలకు కేంద్రములైనవి. రాజమహేంద్రవరము తూర్పు గోదావరికి కేంద్రమైనది. అంతవరకు పశ్చిమ గోదావరిలో నున్న కొవ్వూరు తూర్పు గోదావరిలో చేరినది.

ఇప్పుడొక కల్పిత ఉదాహరణ తీసికొందము. ఒకనాడు ఒక చిత్రమునకు కాకినాడలో 3 లక్షలు, అమలాపురములో 2 లక్షలు, రాజమహేంద్రవరములో 4 లక్షలు, కొవ్వూరులో 1 లక్ష వసూలైనవనుకొందము. తూర్పు గోదావరి వసూలు ఎంత? కొత్త జిల్లా ప్రకారము రాజమహేంద్రవరము, కొవ్వూరు కలిసి 5 లక్షలు. వ్యాపారపు ఈస్టు ప్రకారము మొదటి మూడూళ్ళు కలిసి 9 లక్షలు. ఒకే పేరు, రెండు మొత్తములు! జిల్లా లెక్కతో గీసిన పటమును చూచి ఈస్టు పంపిణీదారుతో లెక్క తేల్చుకొనబోయినచో 4 లక్షల తేడా వచ్చును. పైగా కొవ్వూరు లక్ష అతనిది కానేకాదు.

దీనికి మందు రెండు పట్టికలు. మొదటి పట్టికలో థియేటరు సంకేతము, ఊరు, జిల్లా, వ్యాపార ప్రాంతము ఒక్కసారి వ్రాయవలెను. రెండవదానిలో థియేటరు సంకేతము, తేది, ఆట, గ్రాస్, నెట్ మాత్రము వ్రాయవలెను. రెండింటిని సంకేతము ద్వారా జోడించి ఏ విభజన ప్రకారము కావలెనో అడిగిన, ఆ ప్రకారము మొత్తము వచ్చును. రేపు జిల్లాలు మరల మారినను మొదటి పట్టికలో దిద్దిన చాలును. వేల వరుసల వసూళ్ళను ముట్టనక్కరలేదు.

గడి పేరు నిలిచి అర్థము మారుటయు కలదు. 1939 నాటి చట్టము ప్రకారము వసూలు చేయుచు వచ్చిన వినోదపు పన్ను స్థానమున 2017 జూలై 1 నుండి వస్తుసేవల పన్ను వచ్చెను. 'నెట్' అను గడి ఆ తేదీకి ముందొక పన్ను పోగా మిగిలినది. తరువాత వేరొక పన్ను పోగా మిగిలినది. రెండు కాలములను ఒకే గీతలో కలుపువాడు ఈ సంగతి పటము క్రింద వ్రాయవలెను.

ప్రశ్న, జవాబు, బొమ్మ ఒకే పుటలో

పట్టిక స్థిరపడినది, భాష దొరకినది. ఇక పటము గీయు చోటు కావలెను. 1610 జనవరిలో గెలీలియో దూరదర్శినితో గురుగ్రహమును చూచి, దానిచెంత నున్న చిన్న చుక్కల స్థానములను రాత్రికి రాత్రి బొమ్మలతోను మాటలతోను గుర్తించెను. ఆ చుక్కలు గురుగ్రహపు ఉపగ్రహములని అతడు నిశ్చయించినది అట్టి పుటలనుండియే. చూచినది, గీసినది, తలచినది ఒకేచోట నుండుటచే చదువరి అతని తర్కమును మొదటినుండి అనుసరింపగలిగెను.

కంప్యూటరులో ఇట్టి పుటను కల్పించుటకు పలువురు పాటుపడిరి. 1984లో డొనాల్డ్ క్నూత్ ప్రోగ్రామును మనుష్యులు చదువుటకు తగిన వ్యాసముగా వ్రాయవలెనని వాదించెను. 1988లో మాథమాటికా అను సాధనము నోటుబుక్కు రూపమున వెలువడెను. 2001లో ఫెర్నాండో పెరెజ్ అను కొలంబియా దేశపు విద్యార్థి ఐపైథాన్ అను పనిముట్టును ప్రారంభించెను. 2011లో అది బ్రౌజరులో తెరచుకొను నోటుబుక్కైనది. 2014లో జూలియా, పైథాన్, ఆర్ అను మూడు భాషల పేర్లు స్ఫురించునట్లు జూపిటర్ అను పేరు దాల్చినది. ఆ పేరు గెలీలియో పుటలకును నమస్కారమే. 2003లో జాన్ హంటర్ తయారుచేసిన మాట్‌ప్లాట్‌లిబ్ గీతలు గీయుటకును, 2008లో వెస్ మెకిన్నీ ప్రారంభించిన పాండాస్ పట్టికలను పట్టుకొనుటకును ఇందు తోడైనవి. జూపిటర్, మాట్‌ప్లాట్‌లిబ్, పాండాస్ ఈ మూడును ఉచితముగా లభించును.

ఇట్టి నోటుబుక్కులో ఒక గడిలో ప్రశ్న, దాని క్రింద జవాబు, ఆ క్రింద పటము, ప్రక్కన వివరణ ఉండును. పటమును నమ్మనివాడు పైగడిలోని ప్రశ్నను చదివి తప్పు పట్టవచ్చును. 'నీవు జిల్లావారీగా కూడితివి, ప్రాంతమువారీగా కాదు' అని వేలుపెట్టి చూపవచ్చును. అచ్చుపటమునకు ఈ సౌకర్యము లేదు.

నేలమీది క్లౌడు

పట్టికలు ఎక్కడ నుండవలెను? ఒకరి బల్లమీది యంత్రములో నున్నచో అది చెడిన నాడు అన్నియు పోవును. ఇతరులకు అందుటయు కష్టము. 2009లో అమెజాన్, 2010లో మైక్రోసాఫ్టు, 2011లో గూగుల్ సంస్థలు ఎస్.క్యూ.ఎల్. పట్టికల వ్యవస్థను అద్దెకిచ్చు సేవలను ప్రారంభించినవి. యంత్రము కొనుట, నకళ్ళు భద్రపరచుట, మరమ్మతు చేయుట సంస్థ పని. పట్టికలు వాడుకొనుట మన పని. దీనికే క్లౌడు అని పేరు. పేరునకు మేఘమేగాని యంత్రములు నేలమీదనే యుండును. 2016లో ముంబయిలోను, 2022 నవంబరులో హైదరాబాదులోను అమెజాన్ తన కేంద్ర సముదాయములను తెరచినది. హైదరాబాదులో పుట్టి బేగంపేటలో చదివిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్టు సంస్థాధిపతి యగుటకు ముందు ఆ సంస్థ క్లౌడు విభాగమును నడపినవాడే.

నోటుబుక్కును దూరపు పట్టికలతో కలుపుటకు అయిదు వివరములు కావలెను: యంత్రపు చిరునామా, ద్వారపు సంఖ్య, పట్టికల సముదాయము పేరు, వాడుకరి పేరు, రహస్యపదము. ద్వారపు సంఖ్య ఆనవాయితీగా పోస్ట్‌గ్రెస్‌కు 5432, మైసీక్వెల్‌కు 3306. ఇరువురి నడుమ దుబాసీవలె పనిచేయు డ్రైవరు అను చిన్న ప్రోగ్రాము నుండవలెను. 1992లో మైక్రోసాఫ్టు ప్రవేశపెట్టిన ఓ.డి.బి.సి. ఇట్టి దుబాసీలకు ఒక ఉమ్మడి మర్యాదను ఏర్పరచినది.

అడుగుటయు ఒక నేర్పు. 500 థియేటర్లు, దినమునకు 4 ఆటలు, 28 దినములు అనుకొన్నచో వరుసలు 56,000. అన్నిటిని తెప్పించుకొని ఇచ్చట కూడుట వృథాశ్రమ. 8 ప్రాంతములకు దినమొకటి చొప్పున మొత్తములడిగినచో వచ్చునవి 224 అంకెలు మాత్రమే. పటమునకు కావలసినవియు అవియే. కూడిక పట్టికలున్న చోటనే జరుగవలెను.

తాళముచెవి జాగ్రత్త

సౌకర్యమున్న చోట ప్రమాదమున్నది. నోటుబుక్కు పదిమందికి పంపు పుట. అందులో రహస్యపదము వ్రాయుట ఇంటి తాళముచెవిని గుమ్మమునకు వ్రేలాడదీయుట వంటిది. దానిని వేరుచోట భద్రపరచి, పని జరుగు వేళ మాత్రము చదివికొనునట్లు చేయవలెను. పటము గీయువానికి చదువు హక్కు చాలును, దిద్దు హక్కు అక్కరలేదు. తెలిసిన చిరునామాల నుండి వచ్చువారికే ద్వారము తెరువవలెను. త్రోవలో ఎవరును చదువకుండ అంకెలు గుప్తలిపిలో పోవలెను.

మరి రెండు జాగ్రత్తలు సత్యమునకు సంబంధించినవి. థియేటరు నుండి వచ్చిన లెక్క మరునాడు సవరింపబడవచ్చును. అప్పుడు పటమును మారును. కనుక ఏ తేదీన, ఏ గంటకు అడిగిన లెక్కయో పటము మీద వ్రాయవలెను. నోటుబుక్కు గడులను ముందువెనుకలుగా నడిపినచో పాత జవాబు క్రొత్త ప్రశ్న క్రింద మిగిలిపోవచ్చును. ఇతరులకు చూపుటకు ముందు మొదటి గడినుండి చివరివరకు మరల నడిపి చూచుట మంచి అలవాటు.

ఇంత చేసినను ఒక పని యంత్రము చేయలేదు. కిటికీ వద్ద తప్పు వ్రాసిన అంకెను ఏ పటమును ఒప్పు చేయజాలదు. టిక్కెట్టు చించిన చేయి నిజము వ్రాసిననే పైనున్న మెట్లన్నియు నిలుచును.

పాఠశాలలో ఈ విద్యను ఆరంభించుటకు క్లౌడు అక్కరలేదు. ఉపాధ్యాయులు రెండు పట్టికలు పెట్టించవచ్చును. ఒకదానిలో విద్యార్థి సంఖ్య, ఊరు, బడికి దూరము. రెండవదానిలో విద్యార్థి సంఖ్య, తేది, హాజరు. 2000లో వెలువడిన ఎస్.క్యూ.లైట్ అను ఉచితసాధనము ఒక్క కంప్యూటరులోనే ఈ పట్టికలను నడుపును. దూరమునకును హాజరునకును సంబంధమున్నదా యని ప్రశ్న వ్రాసి, క్రింద పటము గీయించి, ఒకరి ప్రశ్నను మరియొకరు పరీక్షించునట్లు చేసినచో విద్యార్థులకు అసలు సంగతి బోధపడును. అందమైన పటమును చూచి మెచ్చుకొనుట సులభము. 'ఇది ఏ పట్టికనుండి, ఏ ప్రశ్నకు, ఏనాడు వచ్చిన జవాబు?' అని అడుగుట విజ్ఞానము.